తాళం గుర్తు

రిచీ స్ట్రీట్‌లో శనివారం మధ్యాహ్నం
నిలబడే చోటే లేదు, ఇక నీడెక్కడిది.
మునిరత్నం ముందు, నేను వెనక.
మా ఇద్దరి మధ్య రోజూ ఉండే పన్నెండు గంటలు
ఆ పూట మాత్రం మూడడుగులు.

ఆయనది పెరంబూరు బోగీల ఫ్యాక్టరీలో పగటి పని,
నాది అయనావరం ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
తెల్లారి ఏడున్నరకి ఇంటికొచ్చి టీవీ పెడితే
రాశిఫలాలు, దోసెపెనాలు అమ్మేవాళ్ళు.
అందుకే ఈ పెట్టె.

"ఎన్ని గంటలు పట్టాలి?" అన్నాడు కొట్టతను,
బియ్యం ఎన్ని కిలోలన్నంత తేలిగ్గా.
నేను వేళ్ళు మడిచాను:
సీరియల్ అరగంట, వారానికి ఐదు,
ఆదివారం సినిమా ప్రకటనలతో కలిపి నాలుగు గంటలు.
మునిరత్నం మ్యాచ్‌లకి గంటల లెక్క లేదు, రోజులే.
"ట్యూనర్ ఒకటా, రెండా?
ఒకటైతే, ఒకటి రికార్డవుతుంటే ఇంకోటి చూడలేరు."
"రెండు" అన్నాం, ఇద్దరం ఒక్కసారే.
పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో
ఒకే మాట ఒకే క్షణంలో అనడం
ఎన్నోసారో గాని, వేళ్ళు చాలు ఆ లెక్కకి.
ధర విన్నాక
చల్లబడ్డం కూడా ఇద్దరం ఒక్కసారే.

అప్పుడు బల్లకింద గోనెపట్టా తొలగించి
ఇంకో పెట్టె తీశాడు. వాడినది. పక్కన గీత.
"బాగా చూసుకున్న ఇల్లు, మేడమ్" అన్నాడు.
పెట్టెని పట్టుకుని అట్లా అనడం ఎప్పుడూ వినలేదు.

తీగ తగిలించాడు.
తెరమీద జాబితా, ఎవరిదో ఇల్లు
తలుపు వెయ్యకుండా వెళ్ళిపోయినట్టు.
వంకాయ పొడికూర, పదిహేడో నిమిషం దగ్గర ఆగి ఉంది.
కరువు మీద చర్చ, ముట్టుకోలేదు.
పిల్లల బొమ్మలు ఇరవై రెండు భాగాలు.
ఒక సీరియల్ పెళ్ళిదాకా వచ్చి
ముహూర్తానికి రెండు నిమిషాల ముందు ఆపేశారు,
ఎవరు తలుపు తట్టారో, ఏం పొంగిపోయిందో.
అన్నిటికీ అడుగున, తాళం గుర్తుతో ఒకటి:
పదకొండు నిమిషాలు.

నొక్కాడు.
లోకల్ కేబుల్‌లో బడిపిల్లల క్విజ్.
నీలం చొక్కా అబ్బాయి లేచి నిలబడి
చంద్రుడి మీద మనిషి బరువెంతో చెప్పబోతూ
గొంతు సవరించుకుంటున్నాడు.

"ఇదంతా తుడిచేసి ఇస్తాను."
కొట్టతని బొటనవేలు ఎర్రగుండీ మీదికి పోయింది.
ఖాళీ అయిన మంచం మీద ఎవరైనా వాచీ మరిచిపోతే
పేరు రాసి కవర్లో పెడతాం మేము, వార్డులో రూలు.
"వద్దు" అన్నాను. "అట్లాగే ఇవ్వండి."
మునిరత్నం నావంక ఓసారి చూసి బేరంలో పడ్డాడు:
"ఎవరి సామానో మేం దాచిపెడుతున్నాం గదా,
రెండొందలు తగ్గించు."
తగ్గించాడు.

వాన పడితే డిష్ కళ్ళు మూసుకుంటుంది.
కరెంటు పోయొస్తే పెట్టెకి మతిమరుపు,
నాలుగు సున్నాలు మిణుకుమంటూ కూచుంటుంది.
ఎన్ని పొద్దుటిపూటలో నాకు మిగిలింది
నీలితెర మీద "సిగ్నల్ లేదు".
అయినా సరే, కాళ్ళు మంచమ్మీదికి లాక్కుని
ప్రకటనల్ని పరుగులు తీయిస్తుంటే
ఒంట్లోంచి డెట్టాల్ వాసన మెల్లిగా దిగిపోతుంది.

చోటు కావాలి కదా.
పొడికూర ముందు పోయింది, నేను నేర్చుకున్నాకే.
కరువు చర్చ పోయింది.
బొమ్మలు వారానికొకటి.
ఆగిపోయిన పెళ్ళి, ఆ రెండు నిమిషాలూ చూసి తీసేశాను.
జరగలేదు.

నిన్న నేనొచ్చేసరికి మునిరత్నం వెళ్ళిపోయాడు.
ఇడ్లీ గిన్నె మూతమీద చీటీ:
"రాత్రి డిస్క్ నిండింది, ఏదో ఒకటి తీసేయమంది.
నా ఫైనల్ తీసేశా, ఇంకా ఒక ఓవర్ ఉంది.
ఎవరు గెలిచారో నాకు చెప్పకు."

జాబితా తెరిచాను.
అడుగున తాళం అట్లాగే ఉంది.
వేరువేరుగా మేమిద్దరం ఎన్నిసార్లు చూశామో దాన్ని.
అబ్బాయి చెప్పిన జవాబు తప్పు.
అయినా వెనక వరుసలో ఎక్కడో
ఒక్క జత చేతుల చప్పట్లు,
పక్కవాళ్ళు ఆపమనేదాకా.